లాగిన్ అయినవాళ్లను ఎటు పంపాలి?

కొన్ని కాలేజీలు నడిపే ఒక సంస్థకు ఫీజులు, హాల్‌టికెట్లు, సర్టిఫికెట్ల దరఖాస్తులు చూసే వెబ్ అప్లికేషన్ తయారవుతోంది. అప్పటికే లాగిన్ అయి ఉన్న విద్యార్థి మళ్లీ లాగిన్ పేజీ తెరిస్తే ఏం జరగాలి అన్నది అందులో ఓ చిన్న ప్రశ్న. సర్వర్ కోడ్ రాసే శ్రీనివాస్‌ది ఒక మాట, దాన్ని పరీక్షించే లలితది ఇంకో మాట. విడుదలకు ముందు ఇద్దరికీ నడిచిన వాదన ఇది.

శ్రీనివాస్: ఇందులో వాదించడానికి ఏముంది లలితా? సెషన్ ఉంది, మనిషి ఎవరో తెలుసు. అయినా యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ అడగడమంటే, ఇంట్లో కూర్చున్నవాణ్ణి వీధి గుమ్మం దగ్గరికి పిలిచి 'ఎవరు బాబూ మీరు' అని అడిగినట్టే. నేరుగా డాష్‌బోర్డ్‌కి పంపేస్తే సరి. లారావెల్‌లో ఇందుకోసమే 'గెస్ట్' అనే మిడిల్‌వేర్ ఉంది. జాంగోలో అయితే ఒక్క సెట్టింగ్. మనం కొత్తగా కనిపెట్టేదేమీ లేదు.

లలిత: సెట్టింగ్ ఉన్నమాట నిజమే అన్నా. కానీ జాంగో వాళ్లు దాన్ని ఆపేసి ఇచ్చారు. లాగిన్ అయినవాళ్లను దారి మళ్లించమని మనం చెప్తే తప్ప అది ఆ పని చేయదు. ఎందుకో చూశారా?

శ్రీనివాస్: అక్కర్లేనివాళ్లు కూడా ఉంటారని అయ్యుంటుంది.

లలిత: దీన్ని ఆన్ చేస్తే వచ్చే రెండు చిక్కులూ డాక్యుమెంటేషన్‌లోనే రాశారు. మొదటిది ఆరా తీయడం. ఎవడో తన సైట్‌లో ఒక బొమ్మ పెడతాడు. ఆ బొమ్మ చిరునామాగా మన లాగిన్ పేజీని ఇచ్చి, 'తర్వాత ఫేవికాన్ దగ్గరికి పంపు' అని వెనకాల తగిలిస్తాడు. ఆ సైట్ చూస్తున్న మనిషి మన దగ్గర లాగిన్ అయి ఉంటే, మనం బుద్ధిగా ఫేవికాన్ దగ్గరికి పంపిస్తాం, బొమ్మ వచ్చేస్తుంది. లాగిన్ కాకపోతే వచ్చేది లాగిన్ ఫారం. అది బొమ్మ కాదు కాబట్టి లోడ్ కాదు. ఈ మనిషి ఫలానా సైట్‌లో లాగిన్ అయి ఉన్నాడో లేదో వాడికి తెలిసిపోయినట్టే. ఫీజుల సైట్ అయితే పోనీ అనుకుందాం. ఆస్పత్రి సైటో, అప్పులిచ్చే సైటో అయితే?

శ్రీనివాస్: ఆ దారి ఇప్పుడు చాలావరకు మూసుకుపోయింది. జాంగో 2.1 నుంచి సెషన్ కుకీకి సేమ్‌సైట్ 'ల్యాక్స్' అని తనే పెడుతోంది. సేమ్‌సైట్ సంగతి ఏమీ చెప్పని కుకీని కూడా 2020 నుంచి క్రోమ్ ల్యాక్స్‌గానే చూస్తోంది. ఇంకో సైట్‌లోని బొమ్మ కోసం బ్రౌజర్ మన సర్వర్‌ని అడిగినప్పుడు ఆ కుకీ వెంట రాదు. కుకీ రాకపోతే లాగిన్ అయినవాడు కూడా మనకు కొత్తవాడే. ఇక ఏం ఆరా తీస్తాడు?

లలిత: ఆ ల్యాక్స్‌ని మనవాళ్లే తీసేయబోయారు, మీకు తెలుసుగా? పేమెంట్ గేట్‌వే డబ్బు కట్టించుకుని మన సైట్‌కి పోస్ట్ చేస్తూ తిరిగొస్తోంది. ఇంకో సైట్ నుంచి వచ్చే పోస్ట్‌కి ల్యాక్స్ కుకీ రాదు. విద్యార్థి ఫీజు కట్టి తిరిగొచ్చేసరికి లాగిన్ పేజీలో తేలుతున్నాడు. దానికి మందు సేమ్‌సైట్‌ని 'నన్' చేయడమే అనుకున్నారు. చేసి ఉంటే మీరు మూసుకుపోయిందన్న దారి మళ్లీ తెరుచుకునేది.

శ్రీనివాస్: అది మందు కాదు. గేట్‌వే పంపే జవాబుకి సెషన్‌తో పని ఉండకూడదు. ఆర్డర్ నంబరు, దానిమీద గేట్‌వే చేసిన సంతకం సరిచూసుకుని ఫీజు కట్టినట్టు నమోదు చేయాలి. ఆ తర్వాత విద్యార్థిని రసీదు పేజీకి పంపాలి. కుకీని వదులు చేయాల్సిన పనే లేదు. సరే, రెండో చిక్కు ఏమిటి?

లలిత: గానుగ తిరగడం. మామూలు విద్యార్థి అకౌంట్స్ సెక్షన్ పేజీ తెరిచాడు. వాడికి అనుమతి లేదు. కోడ్ వాణ్ణి లాగిన్‌కి పంపింది. వాడు అప్పటికే లాగిన్ అయి ఉన్నాడు కాబట్టి, లాగిన్ పేజీ మళ్లీ వచ్చినచోటికే పంపింది. అక్కడ అనుమతి లేదు, మళ్లీ లాగిన్. బ్రౌజర్ 20 మలుపులు ఓపిక పట్టి, తర్వాత చేతులెత్తేస్తుంది. ఈ సైట్ మిమ్మల్ని మరీ ఎక్కువసార్లు దారి మళ్లించింది అని క్రోమ్ ఒక పేజీ చూపిస్తుంది. అది చూసి విద్యార్థికి ఏం అర్థమవుతుంది?

శ్రీనివాస్: ఆ తప్పు లాగిన్ పేజీది కాదు, అనుమతి లేనివాణ్ణి లాగిన్‌కి పంపిన కోడ్‌ది. ఎవరో తెలియనివాణ్ణి లాగిన్‌కి పంపాలి. ఎవరో తెలిసి, అనుమతి మాత్రం లేనివాడికి 403 చూపించి, 'ఈ పేజీ మీకు లేదు' అని అక్కడికక్కడే చెప్పాలి. వాడు మళ్లీ లాగిన్ అయినంత మాత్రాన అకౌంటెంట్ అయిపోడు కదా. ఈ రెండింటినీ వేరుచేస్తే గానుగ ఆగిపోతుంది. ఇవన్నీ చుట్టుపక్కల కోడ్ తప్పులు. దారి మళ్లించడమే తప్పని నువ్వు ఇంకా చూపించలేదు.

లలిత: చూపిస్తాను. మీ వాదన అంతా 'మనిషి ఎవరో తెలుసు' అన్న మాట మీద నిలబడింది. మనకు తెలిసింది మనిషి కాదన్నా, బ్రౌజర్. ఈఏపీసెట్ కౌన్సెలింగ్ రోజుల్లో ఏ ఊళ్లో నెట్ సెంటర్‌కైనా వెళ్లి చూడండి. ఒకే కంప్యూటర్ ముందు పొద్దుట్నుంచి సాయంత్రం దాకా పిల్లలు మారుతూనే ఉంటారు. లాగౌట్ చేసేవాళ్లు ఎంతమంది? జాంగో సెషన్ కుకీ గడువు మామూలుగా రెండు వారాలు. బ్రౌజర్ మూసినా పోదు. పొద్దున కూర్చున్న కుర్రాడి ఖాతాలోకి మధ్యాహ్నం వచ్చిన అమ్మాయి తనకు తెలియకుండానే వెళ్లిపోతుంది. లాగిన్ ఫారం చూపించి ఉంటే తన నంబరు కొట్టుకునేది.

శ్రీనివాస్: డాష్‌బోర్డ్ పైన పేరు కనిపిస్తుంది కదా.

లలిత: చూసుకుంటే కనిపిస్తుంది. గడువు చివరి రోజు, వెనక నలుగురు నిలబడి తొందరపెడుతుంటే ఎవరు చూసుకుంటారు? ఫీజు కట్టాక చూసుకుంటే ఆ డబ్బు పొద్దుటి కుర్రాడి పేరుమీద పడి ఉంటుంది.

శ్రీనివాస్: నెట్ సెంటర్ కోసం సొంత ఫోన్‌లో చూసుకునేవాళ్లందరినీ ఇబ్బంది పెడదామా? బుక్‌మార్క్ చేసుకున్నది లాగిన్ పేజీనే అయ్యుండొచ్చు. గూగుల్‌లో వెతికితే మొదట వచ్చేది లాగిన్ పేజీయే. ఆ లింకు నొక్కి లోపలికి రావాలనుకున్నవాడికి 'మీరు మీరేనా' అన్న ప్రశ్న విసుగు. పైగా లాగిన్ అయినవాడికి ఖాళీ ఫారం చూపిస్తే సెషన్ పోయిందేమో అనుకుని మళ్లీ పాస్‌వర్డ్ కొడతాడు. అది గుర్తుండకపోతే మార్చుకుంటాడు. మన హెల్ప్‌లైన్‌కి ఫోన్లు మొదలవుతాయి.

లలిత: ఖాళీ ఫారం చూపించమని నేనూ అనడం లేదు. 'ఈ బ్రౌజర్‌లో ఫలానా హాల్‌టికెట్ నంబరుతో లాగిన్ అయి ఉన్నారు' అని చెప్పి, రెండు బటన్లు ఇద్దాం. ఒకటి కొనసాగడానికి, ఒకటి వేరే ఖాతాతో లాగిన్ కావడానికి. ఇది నా సొంత తెలివేమీ కాదు. 2014లో వచ్చిన ఓపెన్‌ఐడీ కనెక్ట్ ప్రమాణంలోనే 'ప్రాంప్ట్' అనే పరామితి ఉంది. దానికి ఒక విలువ ఇస్తే ఖాతా ఎంచుకోమని అడుగుతుంది, ఇంకోటి ఇస్తే మళ్లీ లాగిన్ చేయిస్తుంది, 'నన్' అంటే ఏ తెరా చూపించదు. లాగిన్ అయి ఉన్నవాడి విషయంలో జవాబు ఒక్కటే కాదని ఆ ప్రమాణం రాసినవాళ్లే గుర్తించారు.

శ్రీనివాస్: నువ్వు చెప్పిన పేజీ బాగానే ఉంది. నా ఉద్దేశంలో ఒక మార్పు చేద్దాం. పేరు చూపించి, 5 సెకన్లలో డాష్‌బోర్డ్‌కి తీసుకెళ్తున్నాం అని రాద్దాం. అప్పుడు తొందరున్నవాడికీ పని అవుతుంది, పొరబాటు గమనించినవాడికీ ఆగే వీలుంటుంది.

లలిత: అది అన్నిటికంటే చెడ్డది అన్నా. కంటికి కనపడక స్క్రీన్ రీడర్‌తో వినేవాడికి ఆ వాక్యం సగం వినేలోపు పేజీ మారిపోతుంది. చదవడం నెమ్మదైనవాళ్లకూ అంతే. గడువు పెట్టి తనంతట తనే పేజీ మార్చే మెటా రీఫ్రెష్‌ని డబ్ల్యూ3సీ వాళ్లు అందుబాటు మార్గదర్శకాల్లో వైఫల్యాల కిందే లెక్కగట్టారు. పంపదలిస్తే వెంటనే పంపండి. అడగదలిస్తే జవాబు వచ్చేదాకా ఆగండి. మధ్యలో గడియారం వద్దు.

శ్రీనివాస్: సరే, గడియారం తీసేద్దాం. కానీ అడగడం అందరినీ కాదు. మొబైల్ నంబరు నమోదైన సొంత ఫోన్లో, 'ఈ పరికరాన్ని గుర్తుంచుకో' అని టిక్ పెట్టినవాణ్ణి నేరుగా లోపలికి పంపుతాను. టిక్ పెట్టకపోతే అది పదిమంది వాడే కంప్యూటర్ అనుకుని నీ రెండు బటన్లు చూపిస్తాను. టిక్ లేనివాళ్ల సెషన్ బ్రౌజర్ మూసేయగానే పోయేలా కూడా చేస్తాను. దీనికి ఒప్పుకుంటావా?

లలిత: లాగిన్ పేజీ వరకు ఒప్పుకుంటాను. ఇప్పుడు అసలు సంగతి. మీ దారి మళ్లింపు ఒక్క లాగిన్ పేజీకే లేదు. రిజిస్ట్రేషన్‌కి ఉంది, పాస్‌వర్డ్ మార్చుకునే లింకుకీ ఉంది. ఒక ఇల్లు ఊహించుకోండి. ఇద్దరు పిల్లలు, ఇద్దరూ మన కాలేజీయే, ఫోన్ మాత్రం నాన్నది ఒక్కటే. పెద్దవాడి ఖాతా అందులో లాగిన్ అయి ఉంది. చిన్నమ్మాయి పాస్‌వర్డ్ మరిచిపోతే ఎస్‌ఎంఎస్‌లో లింకు వచ్చింది. నాన్న ఆ లింకు నొక్కితే ఏమవుతుంది?

శ్రీనివాస్: పెద్దవాడి డాష్‌బోర్డ్ వస్తుంది.

లలిత: పాస్‌వర్డ్ మార్చే పేజీ ఎప్పటికీ రాదు. ఎందుకు రాలేదో చెప్పే అక్షరం కూడా ఎక్కడా ఉండదు. ఆయన మళ్లీ లింకు తెప్పించుకుంటాడు, మళ్లీ నొక్కుతాడు, మళ్లీ అదే డాష్‌బోర్డ్. లింకు పాడైందనుకుంటాడు. లింకు చక్కగానే ఉంది, దాన్ని చూడకుండానే మనం పక్కకు నెట్టేశాం. ఆ లింకులోని టోకెన్‌లో ఎవరి ఖాతా అన్నది ఉంది, ఏం చేయాలన్నదీ ఉంది. సెషన్ చెప్పే పేరుకన్నా ఆయన ఇప్పుడు నొక్కిన లింకు బలమైన సాక్ష్యం.

శ్రీనివాస్: అక్కడ నీ మాటే సరి. టోకెన్‌తో వచ్చే పేజీలన్నిటి నుంచీ దారి మళ్లింపు తీసేస్తాను. టోకెన్ ఖాతా, సెషన్ ఖాతా ఒకటే అయితే మామూలుగా నడిపిద్దాం. వేరైతే 'ఇది ఫలానావారి లింకు, మీరు ఇంకొకరి పేరుతో ఉన్నారు' అని చెప్పి అడుగుదాం. అడగకుండా పాత సెషన్ కొట్టేయడం కూడా తప్పే, పెద్దవాడి దరఖాస్తు సగంలో ఉండొచ్చు.

లలిత: ఇంకోటి. మీరు అందరినీ డాష్‌బోర్డ్‌కే పంపుతున్నారు. హాల్‌టికెట్ లింకు నొక్కి, లాగిన్ అడిగితే లాగిన్ అయినవాడికి హాల్‌టికెట్ కావాలి. డాష్‌బోర్డ్ ఎందుకు?

శ్రీనివాస్: అందుకే 'నెక్స్ట్' ఉంది. ఏ పేజీ కోసం వచ్చాడో లాగిన్ చిరునామాకి తగిలిస్తాం, లాగిన్ కాగానే అక్కడికే పంపుతాం. లారావెల్ దీన్ని సెషన్‌లో దాచుకుంటుంది, రెయిల్స్‌లో డివైజ్ కూడా అంతే.

లలిత: ఆ నెక్స్ట్‌లో ఎవడైనా తన సైట్ చిరునామా పెట్టి పంపితే?

శ్రీనివాస్: ఆ ప్రశ్న నువ్వు అడుగుతావని తెలుసు. దీన్ని ఓపెన్ రీడైరెక్ట్ అంటారు, సీడబ్ల్యూఈ జాబితాలో 601వ నంబరు. ఓవాస్ప్ 2010, 2013 టాప్ టెన్‌లలో పదో స్థానం దీనిదే. 2017లో జాబితా నుంచి తప్పించారు, అంతమాత్రాన ప్రమాదం పోలేదు. మోసగాడు పంపే లింకు మొదట్లో మన సైట్ పేరే ఉంటుంది. విద్యార్థి నమ్మి నొక్కుతాడు. అప్పటికే లాగిన్ అయి ఉంటే మనం ఒక్క మాట అడక్కుండా మోసగాడి సైట్‌కి చేరుస్తాం. అక్కడ మన లాగిన్ పేజీలాంటిదే ఇంకోటి ఉండి, 'సెషన్ ముగిసింది, మళ్లీ పాస్‌వర్డ్ ఇవ్వండి' అంటుంది.

లలిత: దాన్ని ఎలా ఆపుతున్నారు? మొన్నటి కోడ్‌లో 'స్లాష్‌తో మొదలైతే మనదే' అని ఉంది.

శ్రీనివాస్: అది తీసేశాను. రెండు స్లాష్‌లతో మొదలైతే బ్రౌజర్ దాన్ని ఇంకో సైట్ పేరుగా చదువుతుంది. ఒక స్లాష్, వెంటనే ఒక బ్యాక్‌స్లాష్ పెట్టినా అంతే, వెబ్ చిరునామాల్లో బ్యాక్‌స్లాష్‌ని బ్రౌజర్లు స్లాష్‌గానే తీసుకుంటాయి. అలాంటి ఎత్తులన్నీ సొంతంగా పట్టుకోవాలని చూస్తే ఏదో ఒకటి జారిపోతుంది. జాంగోలో చిరునామా మన హోస్ట్‌దేనా, స్కీం సరైనదేనా అని చూసే ఫంక్షన్ ఉంది. ఏఎస్‌పీ డాట్ నెట్‌లో లోకల్ రీడైరెక్ట్, వర్డ్‌ప్రెస్‌లో సేఫ్ రీడైరెక్ట్ ఉన్నాయి. వాటిని వాడాలి. పరీక్షలో తప్పిన చిరునామాని బాగుచేయడానికి ప్రయత్నించకుండా డాష్‌బోర్డ్‌కి పంపేయాలి.

లలిత: నాకు ఇంకో వింత కనిపించింది. ట్రయల్ సర్వర్‌లో ఒకసారి లాగిన్ అయి లాగౌట్ చేశాక, మళ్లీ లాగిన్ పేజీ తెరుచుకోవడం లేదు. కుకీలు చెరిపినా లాభం లేదు. వేరే బ్రౌజర్‌లో చక్కగా వస్తోంది.

శ్రీనివాస్: ఎవరో 301 పెట్టి ఉంటారు. అది శాశ్వతం అని చెప్పడం. బ్రౌజర్ ఆ మాట నమ్మి దాచుకుంటుంది. ఇకపై లాగిన్ చిరునామా కొడితే సర్వర్‌ని అడక్కుండానే డాష్‌బోర్డ్‌కి వెళ్తుంది. డాష్‌బోర్డ్ లాగిన్‌కి పంపుతుంది, దాచుకున్న 301 మళ్లీ డాష్‌బోర్డ్‌కి పంపుతుంది. నువ్వు చెప్పిన గానుగే మళ్లీ. లాగిన్ అయి ఉండటం శాశ్వతం కాదు కాబట్టి ఇక్కడ ఎప్పుడూ తాత్కాలికమే, 302 లేదా 303. వాటిని బ్రౌజర్లు మనం చెప్పకుండా దాచుకోవు. అయినా మధ్యలో ఏ కాష్ ఉంటుందోనని నో-స్టోర్ హెడర్ కూడా పెడతాను.

లలిత: 302, 303ల్లో ఏది?

శ్రీనివాస్: లాగిన్ ఫారం పోస్ట్ చేశాక అయితే 303. తర్వాతి పేజీని గెట్‌తో తెచ్చుకో అని అది స్పష్టంగా చెప్తుంది. 302కి మొదట్లో ఆ అర్థం లేదు. పోస్ట్‌ని గెట్‌గా మార్చకూడదని తొలి ప్రమాణాలు అన్నాయి, బ్రౌజర్లు మాత్రం మార్చేశాయి. 1999 నాటి ఆర్‌ఎఫ్‌సీ 2616 ఆ సంగతి ఒప్పుకుని, స్పష్టత కావాలంటే 303, 307 వాడమంది. 307 అయితే పోస్ట్‌ని పోస్ట్‌గానే తీసుకెళ్తుంది. లాగిన్ తర్వాత అది వాడితే పాస్‌వర్డ్ ఉన్న ఫారం తర్వాతి పేజీకీ చేరుతుంది. కాబట్టి ఇక్కడ అది అసలు పనికిరాదు.

లలిత: ఇదంతా సర్వర్‌లోనే ఎందుకు? ఫ్రంటెండ్ కుర్రాళ్లు జావాస్క్రిప్ట్‌లో ఒక్క వరుసతో పంపేస్తామంటున్నారు.

శ్రీనివాస్: పంపొచ్చు, రెండు ఇబ్బందులతో. మొదట లాగిన్ ఫారం తళుక్కున కనిపించి మాయమవుతుంది. నెట్ నెమ్మదిగా ఉన్నచోట అది తళుక్కు కాదు, నాలుగు అక్షరాలు కొట్టేంతసేపు ఉంటుంది. రెండోది బ్యాక్ బటన్. మామూలుగా పంపితే లాగిన్ పేజీ హిస్టరీలో మిగిలిపోతుంది. డాష్‌బోర్డ్ నుంచి వెనక్కి నొక్కితే లాగిన్‌కి, అక్కడి నుంచి మళ్లీ డాష్‌బోర్డ్‌కి. వెనక్కి వెళ్లడమే కుదరదు. జావాస్క్రిప్ట్‌లోనే చేయాలంటే 'రీప్లేస్' వాడాలి, అప్పుడు పాత పేజీ హిస్టరీలో ఉండదు. సర్వర్ పంపితే ఈ బాధే లేదు, మలుపు తిప్పిన చిరునామా హిస్టరీలోకి ఎక్కదు.

లలిత: సర్వర్‌లోనూ ఒక గొయ్యి ఉంది అన్నా. పాత పీహెచ్‌పీ అడ్మిన్ పేజీల్లో లొకేషన్ హెడర్ పంపి ఊరుకున్నారు, కింద ఎగ్జిట్ లేదు. హెడర్ పంపినంత మాత్రాన స్క్రిప్ట్ ఆగదు. లాగిన్ కానివాణ్ణి బయటికి పంపుతున్నట్టే ఉంటుంది, వెనకాల పేజీ మొత్తం తయారై అదే జవాబులో వెళ్లిపోతుంది. బ్రౌజర్ చూపించదు కాబట్టి ఎవరికీ తెలియదు. కర్ల్‌తో అడిగితే విద్యార్థుల జాబితా అంతా వచ్చింది.

శ్రీనివాస్: అది ఈరోజే సరిచేస్తాను. దారి మళ్లించడం కాపలా కాదన్నది గుర్తుండాలి. అనుమతి పరీక్ష వేరు, అది తప్పితే కోడ్ అక్కడే ఆగాలి. ఇక మిగిలింది హోంపేజీ. లాగిన్ అయినవాడు సైట్ పేరు కొడితే డాష్‌బోర్డ్ రావాలా, మామూలు హోంపేజీ రావాలా? నేనైతే డాష్‌బోర్డ్‌కి పంపుతాను.

లలిత: వద్దు. హోంపేజీలో నోటిఫికేషన్లు, ఫీజుల వివరాలు, ఫోన్ నంబర్లు ఉన్నాయి. లాగిన్ అయిన పాపానికి అవి చూడాలంటే లాగౌట్ కావాలా? పేజీ అలాగే ఉంచి, పైన 'లాగిన్' బదులు 'నా ఖాతా' అని మారిస్తే చాలు.

శ్రీనివాస్: గిట్‌హబ్ చూడు. లాగిన్ అయినవాడికి అదే చిరునామాలో డాష్‌బోర్డే వస్తుంది. ఎవరూ గొడవ పెట్టడం లేదు.

లలిత: గిట్‌హబ్‌కి వచ్చేవాడు రోజూ అక్కడే పనిచేసేవాడు. మన దగ్గరికి విద్యార్థి ఏడాదిలో ఏ కొద్దిసార్లో వస్తాడు, వాళ్ల అమ్మానాన్నలు ఇంకా తక్కువ. పైగా ఒకే చిరునామాలో ఇద్దరికి రెండు పేజీలు ఇస్తే కాష్ దగ్గర మరీ జాగ్రత్తగా ఉండాలి. ఒకరి డాష్‌బోర్డ్ ఇంకొకరికి వెళ్లిందంటే ఇక మనం ఎవరికీ జవాబు చెప్పుకోలేం.

శ్రీనివాస్: కాష్ భయం తీర్చడానికే నేను వేరే చిరునామాకి పంపుదామంటున్నాను. ఇది మాత్రం వాడేవాళ్లను చూశాకే తేలాలి.

హోంపేజీ దగ్గర ఇద్దరూ ఒక మాటకు రాలేదు. మిగతా వాటిలో వాళ్లు చేరినచోటు ఒకటే. లాగిన్ అయి ఉన్నాడా లేదా అన్న ఒక్క ప్రశ్నతో దారి మళ్లించే కోడ్ సగం పనే చేస్తుంది. వచ్చిన మనిషి ఏ పని మీద వచ్చాడన్నది రెండో ప్రశ్న, దాని జవాబే దారిని తేల్చాలి. ఊరికే లోపలికి రావాలనుకున్నవాణ్ణి అడక్కుండా పంపవచ్చు. చేతిలో లింకు పట్టుకుని వచ్చినవాణ్ణి, పదిమంది వాడే కంప్యూటర్ ముందు కూర్చున్నవాణ్ణి అడిగి తీరాలి.

వెబ్ అప్లికేషన్లు రాసేవాళ్లకు ఒక విన్నపం. మీ అప్లికేషన్‌లో లాగిన్ అయి, మళ్లీ లాగిన్ పేజీ తెరిచి చూడండి. మరో ఖాతాకు వచ్చిన పాస్‌వర్డ్ లింకు అదే బ్రౌజర్‌లో నొక్కండి. నెక్స్ట్‌లో రెండు స్లాష్‌లతో ఇంకో సైట్ పేరు పెట్టి ప్రయత్నించండి. లాగౌట్ చేసి మళ్లీ లాగిన్ పేజీకి రండి. ఈ నాలుగూ సవ్యంగా జరిగితేనే విడుదల చేయండి.